ఆల్టర్నేటర్ పెద్దది వేసినా జీపు లైట్లు డిమ్ముగనే ఉంటున్నయా?

తాడ్వాయి అడవి రోడ్డుల రాత్రిపూట ఫాగ్ లైట్లు, బ్లోయర్ కలిపి వేస్తే హెడ్‌లైట్లు ఎర్రగ అయితయి, పాత డీజిల్ జీపులున్న అందరికి ఈ బాధ తెలిసిందే. నేను 90 ఆంప్స్ ఆల్టర్నేటర్ (ఇంజన్‌తోని తిరిగి కరెంటు పుట్టించేది) బిగించినంక కూడ అట్లనే ఉండె, ఇంకో బ్యాటరీ కొందామనుకున్న గానీ తప్పంతా ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీకి పోయే వైరుదే.

ముందు మల్టీమీటర్ 20 వోల్ట్స్ డీసీ మీద పెట్టి, ఇంజన్ కొంచెం రేజ్ చేసి లైట్లన్ని వేసి, ఒక ప్రోబ్ ఆల్టర్నేటర్ బీ ప్లస్ బోల్టుకు (కరెంటు బయటికొచ్చే బోల్టు), ఇంకోటి బ్యాటరీ ప్లస్‌కు ఆనించుర్రి. మీటర్ల కనిపించేది వైరుల పోయే వోల్టేజి, 0.2 వోల్ట్ లోపల ఉంటే మంచిదే, నాది 0.9 చూపించింది. తర్వాత ఆల్టర్నేటర్ బాడీకి, బ్యాటరీ మైనస్‌కు మధ్య కూడ గిట్లనే చూడుర్రి, ఎర్త్ (మైనస్ దిక్కు వైరు) సంగతి అందరు మర్చిపోతరు.

బ్యాటరీ మైనస్ తీసినంకనే పని మొదలుపెట్టాలె. 25 స్క్వేర్ ఎంఎం రాగి కేబుల్ మీటరున్నర, రెండు దిక్కుల లగ్గులు (బోల్టుకు పట్టే రింగులు) క్రింప్ చేయించి, అంటే గట్టిగ నొక్కించి, బ్యాటరీ దగ్గర 125 ఆంప్స్ ఫ్యూజ్ పెట్టి నేరుగ వేసిన. ఎర్త్‌కు కూడ అదే సైజు, పెయింట్ గీకి బిగించిన. ఇప్పుడు బ్యాటరీ మీద 14.1 వోల్ట్స్ వస్తుంది, వరంగల్ల పాత సామాను షాపుల కేబుల్ అగ్గువకే దొరికింది.

ఆల్టర్నేటర్ బోల్టుకు, దాని బాడీకి మధ్యనే 13.5 వోల్ట్స్ కంటే తక్కువ చూపిస్తే మాత్రం కేబుల్‌కు పైసలు పెట్టకుర్రి, అది బెల్టు జారుడో, వోల్టేజిని అదుపుల ఉంచే రెగ్యులేటరో అయి ఉంటది.