టైమ్ ట్రావెల్ సినిమాల్లో చిక్కుముడులు విప్పడం ఎలా?

టైమ్ ట్రావెల్ సినిమా చూసొస్తే దారి పొడవునా ఒకటే వాదన: "వాడు వెనక్కెళ్లి ఆ ప్రమాదాన్ని ఆపేస్తే, ఇక వెనక్కెళ్లాల్సిన పనేముంది?" ఇది తెగకపోవడానికి కారణం, ఒక సినిమా రూలు పట్టుకుని ఇంకో సినిమాను కొలవడమే. కాలం ఎలా నడవాలో ప్రతి సినిమా తనకు తానే ఒక రూలు పెట్టుకుంటుంది. ముందు దాన్ని పట్టుకోండి, ఆ తర్వాత ఆ సినిమా తన మాట మీద నిలబడిందా లేదా చూడండి. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. కింద కొన్ని సినిమాల కథలు పూర్తిగా చెప్పేస్తున్నాను కాబట్టి చూడనివాళ్లు చూసొచ్చి చదివితే మంచిది.

1. ముందుకు వెళ్లారా, వెనక్కి వెళ్లారా?

ముందుకైతే పెన్ను పక్కన పెట్టేయొచ్చు. భాగవతం నవమ స్కంధంలో కకుద్మి మహారాజు తన కూతురు రేవతికి తగిన వరుడెవరో అడుగుదామని బ్రహ్మలోకానికి వెళ్తాడు. అక్కడ గానం జరుగుతుంటే కాసేపు ఆగుతాడు, ఈలోపు భూమ్మీద 27 చతుర్యుగాలు గడిచిపోతాయి, ఆయన మనసులో అనుకున్న పెళ్లికొడుకులే కాదు, వాళ్ల మనవల పేర్లు కూడా వినపడవు. చివరికి రేవతిని బలరాముడికిచ్చి చేస్తారు. ఎంత వింత కథైనా ఎక్కడా లాజిక్ తెగదు, ఎందుకంటే జరిగిపోయినదాన్ని ఎవరూ ముట్టుకోలేదు. 'ఆదిత్య 369' (1991)లో కూడా 2504కి వెళ్లడం వరకు ఇబ్బందేమీ లేదు. 1526లో రాయలవారి కొలువులో అడుగుపెట్టడంతోనే అసలు ప్రశ్నలు మొదలవుతాయి.

2. గతం మారుతుందా, మారదా?

అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే, తొందరపడకండి. మొదటి సగంలో ఎవరు చేశారో తెలియని చిన్న చిన్న పనులు ఏమైనా జరిగాయేమో వెతకండి.

'హ్యారీ పాటర్ అండ్ ద ప్రిజనర్ ఆఫ్ అజ్కబాన్' (2004)లో హాగ్రిడ్ గుడిసెలో పిల్లలు మాట్లాడుకుంటుంటే ఎక్కడి నుంచో ఒక రాయి వచ్చి కుండను పగలగొడుతుంది, ఇంకోటి హ్యారీ తల వెనక తగులుతుంది. ఎవరు విసిరారో ఆ క్షణంలో తెలియదు. తర్వాత కాలంలో వెనక్కొచ్చిన హ్యారీ స్నేహితురాలు హెర్మయొనీయే, బయట పొదల్లోంచి తన పాత గుంపును హెచ్చరించడానికి ఆ రాళ్లు విసురుతుంది. అంటే మొదటిసారి మనం చూస్తున్నప్పుడే వాళ్లు బయట ఉన్నారు. ఇక్కడ గతం మారలేదు, మారదు కూడా, వెనక్కి వచ్చినవాళ్లు చేసిన పనులు కలుపుకునే ఆ గతం తయారైంది. రష్యన్ భౌతిక శాస్త్రవేత్త ఇగోర్ నోవికోవ్ చెప్పిన సూత్రం దాదాపు ఇదే: వెనక్కి వెళ్లడం కుదిరినా, జరిగినదానికి విరుద్ధంగా ఏమీ జరగదు.

'బ్యాక్ టు ద ఫ్యూచర్' (1985)లో అలా కాదు, గతం మారిపోతుంది. 1985 నుంచి 1955లో దిగిన కుర్రాడు మార్టీ, తన టైమ్ మిషన్ కారుతో ఒక రైతు పొలంలోని రెండు పైన్ మొక్కల్లో ఒకదాన్ని తొక్కించేస్తాడు. అంతకుముందు 'ట్విన్ పైన్స్ మాల్' అని ఉన్న బోర్డు, అతను తిరిగొచ్చేసరికి 'లోన్ పైన్ మాల్' అయిపోతుంది. ఆ మార్పు గురించి ఒక్క పాత్ర కూడా నోరు విప్పదు, కానీ ఆ బోర్డు చూసినవాళ్లకు రూలు మొత్తం అర్థమైపోతుంది.

మూడో రకం 'అవెంజర్స్: ఎండ్‌గేమ్' (2019). వెనక్కెళ్లి ఏం మార్చినా నీ వర్తమానం మారదని అందులోని శాస్త్రవేత్త బ్రూస్ బ్యానర్ (హల్క్) నోటితోనే చెప్పించేస్తారు. మార్పు జరిగితే అక్కడి నుంచి కాలం వేరే కొమ్మగా చీలిపోతుంది.

3. మనిషికో గీత గీయండి

క్యాలెండర్ ప్రకారం గీస్తే గందరగోళమే. ఆ పాత్ర ఒకదాని తర్వాత ఒకటి ఏం అనుభవించిందో ఆ వరసలోనే గీయండి. మార్టీకి గీస్తే 1985, 1955, మళ్లీ 1985. తిరిగొచ్చేటప్పుడు ఆ కారు తయారుచేసిన తన స్నేహితుడు డాక్‌ను కాపాడాలని కొన్ని నిమిషాలు ముందుగా దిగుతాడు, అక్కడ ఇంకో మార్టీ అప్పుడే కారులో గతానికి వెళ్లిపోవడం కళ్లారా చూస్తాడు. మరి ఆ కుర్రాడు ఎవరు? మార్టీ 1955లో చేసిన పనుల వల్ల మారిపోయిన ఇంట్లో, ధైర్యంగా ఉండే తండ్రి దగ్గర పెరిగినవాడే అయ్యుండాలి కదా, మరి వాడు 1955లో చేసేవి ఇతను చేసినవేనా? సినిమా జవాబు చెప్పదు. నాకైతే ఆ సినిమాలో బోర్డు తర్వాత బాగా నచ్చిన చోటు ఇదే.

4. పుట్టుక లేనివాటికి సున్నా చుట్టండి

కాలం దాటి వచ్చిన వస్తువు, పాట, సలహా, ఏదైనా సరే, మొదట ఎక్కడ పుట్టిందో అడగండి. 'బ్యాక్ టు ద ఫ్యూచర్'లోనే, 1955 డాన్సు దగ్గర మార్టీ 'జానీ బి. గూడ్' వాయిస్తుంటే, బ్యాండులోని మార్విన్ తన కజిన్, ఆ పాట అసలు గాయకుడు చక్ బెర్రీకి ఫోన్ చేసి వినిపిస్తాడు. మార్టీ ఆ పాట నేర్చుకున్నదేమో చక్ బెర్రీ రికార్డు విని. నిజ జీవితంలో ఆ పాట 1958లో వచ్చింది, సినిమాలో మాత్రం దాన్ని కట్టినవాడంటూ ఎవరూ మిగల్లేదు! ఇందులో విరుద్ధమేమీ లేదు, మొదలే లేదు.

5. వెళ్లిన కారణం మిగిలిందా?

వెనక్కెళ్లి తాతను పెళ్లికి ముందే చంపేస్తే నువ్వెలా పుట్టావు అన్న పాత ప్రశ్నకు చంపడమే అక్కర్లేదు, కాపాడినా అదే చిక్కు. 'ఒకే ఒక జీవితం' (2022)లో ఆది పోగొట్టుకున్న అమ్మను దక్కించుకోవడానికి 1998కి వెళ్తాడు. అమ్మ బతికి ఉండి ఉంటే ఆ బాధా లేదు, ఆ ప్రయాణమూ లేదు. ఈ సినిమా చూస్తున్నప్పుడు మిషన్ ఎలా పనిచేస్తుందన్న దాన్ని పక్కన పెట్టి, విధిని మార్చడం కుదురుతుందా అన్న ప్రశ్నకు సినిమా ఏ జవాబు వైపు మొగ్గుతుందో గమనించండి. అమ్మ పాత్రలో అమలను చూస్తే గొంతు ఎందుకు పట్టేస్తుందో కూడా అక్కడే దొరుకుతుంది.

6. ఇప్పుడు తప్పు పట్టండి

రూలు తెలిశాకే ఈ పని. 'ఎండ్‌గేమ్' చివర్లో, గతానికెళ్లి అక్కడే ఉండిపోయి ముసలివాడైన స్టీవ్ రోజర్స్ (కెప్టెన్ అమెరికా) చెరువు పక్క బెంచీ మీద కనిపిస్తాడు. సినిమా సొంత రూలు ప్రకారం ఆయన బతికింది వేరే కొమ్మలో, మరి ఇక్కడికెలా వచ్చాడు? దర్శకులు వేరే కొమ్మ అన్నారు, రచయితలేమో ఇదే కాలంలో ఉన్నాడన్నారు. తీసినవాళ్లకే పొత్తు కుదరలేదంటే తప్పు మన బుర్రది కాదు, అక్కడ ముడి నిజంగానే వదులుగా ఉంది.

మొదటిసారి కాగితం పట్టుకునేవాళ్లు 'అజ్కబాన్'తో మొదలుపెట్టండి, ఆఖరి భాగం రెండుసార్లు చూస్తే చాలు, అన్నీ కలుస్తాయి. 77 నిమిషాల 'ప్రైమర్' (2004)ను మాత్రం చివరికి ఉంచుకోండి. అందులో ఎన్ని గంటలు వెనక్కెళ్లాలంటే అన్ని గంటలు టైమ్ మిషన్ పెట్టెలో పడుకోవాలి, రూలు అంతే, కానీ గీతలు గీయడానికి ఒక్క కాగితం సరిపోదు.