కోసంబరిలో వేసే కొత్తిమీరను ఎలా కడగాలి

మా అమ్మాయికి ఏడో నెల. తోడుండడానికి బెంగళూరు వచ్చాను. మొన్న నానబెట్టిన పెసరపప్పు, కీరాదోస పచ్చిగానే కలిపే కోసంబరి చేస్తానంటూ మల్లేశ్వరంలో కొన్న కొత్తిమీర కట్టను దారం కూడా విప్పకుండా కుళాయి కింద తడిపి, దులిపి, కత్తి అందుకుంది. ఆగమన్నాను. దారం తెంపి చూపించాను. లోపలి కాడల మొదళ్లలో ఎర్రమట్టి అలాగే ఉంది.

మురుగు కలిసిన నీరు, సరిగా మాగని పశువుల ఎరువు, గంపలు, మన చేతులు... ఇ.కోలై, సాల్మొనెల్లా అనే క్రిములు ఆకుల మీదికి ఎక్కేది వీటి నుంచే. గర్భిణులకు ఇంకా ప్రమాదకరమైనది లిస్టీరియా అనే క్రిమి. తల్లికి కాస్త జ్వరంగా కనిపించి పోతుంది, కడుపులో బిడ్డ ప్రాణం మీదికి వస్తుంది. పైగా అది ఫ్రిజ్ చల్లదనంలోనూ పెరుగుతుంది.

ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. కట్ట విప్పి వేళ్లు కోసేసి, కుళ్లిన ఆకులు తీసేయండి. పెద్ద గిన్నె నిండా నీళ్లు పోసి ఆకును ముంచి కదపండి. తర్వాత ఆకునే పైకి తీయాలి. గిన్నె వంచి వడకడితే అడుగున చేరిన మట్టి మళ్లీ ఆకు మీదే పడుతుంది. అడుగున ఇసుక కనిపించకుండా పోయేవరకు నీళ్లు మార్చండి. చివరగా కుళాయి ధార కింద కడిగి, శుభ్రమైన బట్ట మీద ఆరబెట్టండి. సబ్బు వాడకండి, ఆకు పీల్చుకుంటుంది. ఉప్పునీళ్లు, వెనిగర్ కూడా క్రిములన్నిటినీ చంపలేవు. ఎంత కడిగినా తగ్గుతాయే కానీ పూర్తిగా పోవు. అందుకే కూరలో ఉడికే ఆకుకన్నా పచ్చిగా తినేదాని మీదే నా దృష్టంతా.

కర్బూజా విషయంలో చాలామంది పొరపాటు పడతారు. తొక్క తినం కదా అని కడగరు. కానీ కత్తి తొక్క మీది క్రిమిని గుజ్జులోకి తీసుకుపోతుంది. 2011లో అమెరికాలో లిస్టీరియా సోకిన కర్బూజాలు తిని 33 మంది చనిపోయారు. గరుకు తొక్కను ధార కింద బ్రష్‌తో రుద్ది, తుడిచి, అప్పుడు కోయండి. ముక్కలు రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. బండి మీద కోసి పెట్టినవి గర్భిణులకు వద్దు.

మొలకలు పచ్చివి అసలే వద్దు. గింజ మొలకెత్తడానికి కావలసిన తడి, వెచ్చదనమే క్రిములకూ కావాలి. అదే 2011లో జర్మనీలో మెంతి మొలకల వల్ల యాభై మందికి పైగా చనిపోయారు. మొలకలను బాగా ఉడికించాకే తినండి.

కోసంబరి మానెయ్యమని అమ్మాయికి చెప్పలేదు. నానబెట్టిన పెసరపప్పును పలుకు చెడకుండా ఉడికించాను. కీరాదోసను తొక్కతోనే రుద్ది కడిగి, ఆ తర్వాత చెక్కు తీశాను. కొత్తిమీరను పోపులో బాగా మగ్గనిచ్చాను. మాంసం కోసే పలక మీద ఇవేవీ తరగలేదు. కలిపిన వెంటనే తినమన్నాను, సాయంత్రానికి దాచనివ్వలేదు.