క్యాంపస్‌లో ఆటల పోటీలు నడపడం - నాలుగో పాఠం: డ్రా తీసేముందు గడియారం

ముందు పోయిన పాఠంలో ఇచ్చిన లెక్క తేల్చుకుందాం. ఎంబీఏ మొదటి సంవత్సరం కుర్రాడొకడు కబడ్డీకి డిపార్ట్‌మెంట్ జట్టులోనూ పేరిచ్చాడు, హాస్టల్ జట్టులోనూ ఇచ్చాడు. ఏం చేస్తారని అడిగాను. జవాబు చిన్నదే. ఒక ఆటకు ఒకే జట్టు. ఏ జట్టన్నది వాడే తేల్చుకుని ఎంట్రీలు మూసేలోపు సంతకం పెట్టి ఇవ్వాలి. "ఆ రెండు జట్లూ ఎదురుపడ్డప్పుడు చూసుకుందాంలే సార్" అంటారు పిల్లలు. అలాంటి జట్లు ఎప్పుడూ సెమీస్‌లోనే ఎదురుపడతాయి. అదేం చిత్రమో!

ఈసారి ఫిక్చర్, అంటే ఎవరు ఎవరితో ఎప్పుడు ఆడాలో తేల్చే పట్టిక. బీపీఈడీ (వ్యాయామ విద్య డిగ్రీ) చదివినవాళ్లకు ఇది పరీక్షలో పది మార్కుల ప్రశ్న, అందుకే బైల (ఆడకుండానే తర్వాతి రౌండుకు వెళ్లే అవకాశాల) సూత్రం నిద్రలో లేపి అడిగినా చెప్తారు. కానీ క్యాంపస్ పోటీలు చెడేది సూత్రం తెలియక కాదు. కాగితం మీద చక్కగా గీసిన టై షీటుకు సరిపడా సాయంత్రాలు లేకపోవడం వల్ల. కాబట్టి మనం వెనకనుంచి మొదలుపెడదాం. ఎన్ని జట్లు వచ్చాయని కాదు, ఎన్ని ఆటలకు చోటుందని ముందు లెక్కేద్దాం.

మాట వరసకు ఒక క్యాంపస్ అనుకుందాం. గుంటూరు-విజయవాడ హైవే పక్కన, నంబూరు ప్రాంతంలో. పిల్లల్లో సగంపైగా గుంటూరు, మంగళగిరి, తెనాలి, విజయవాడ నుంచి రోజూ వచ్చిపోయేవాళ్లు. కబడ్డీకి 11 జట్లు పేరిచ్చాయి, డిపార్ట్‌మెంట్లవి 8, హాస్టల్ బ్లాకులవి 3. కోర్టు ఒక్కటే. క్లాసులు నాలుగుంబావుకు అయిపోతాయి. నాలుగున్నరకు మొదటి విజిల్ వెయ్యొచ్చు.

వెలుతురు ఎందాకా ఉంటుంది? ఈ ప్రశ్న ఏ పుస్తకంలోనూ అడగరు. నవంబరు నడిమధ్య మన దగ్గర ఐదున్నర దాటగానే పొద్దు గూకుతుంది. సంక్రాంతి సెలవులయ్యాక, జనవరి ఆఖరికొస్తే ఆరింటిదాకా సూర్యుడుంటాడు. ఆ అరగంటే మన పెట్టుబడి. ఫ్లడ్‌లైట్లు ఉన్న క్యాంపస్ వాళ్లు ఈ పేరా వదిలెయ్యొచ్చు. మిగతావాళ్లు సంక్రాంతి తర్వాత పెట్టుకోండి. ఇంకో లాభం కూడా ఉంది. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం వచ్చిందంటే మన నల్లరేగడి నేల వాన వెలిశాక కూడా పూట రెండు పూటల్లో ఆరదు. కాలు పెడితే మట్టి పిడచలు పిడచలుగా అంటుకుని బూటు బరువు రెట్టింపవుతుంది. ఎర్రమట్టీ ఇసుకా పోసి కోర్టు ఎత్తు చేసుకునే సంగతి రెండో పాఠంలో చెప్పాను, మళ్లీ చెప్పను.

ఇప్పుడు ఒక ఆటకు ఎంతసేపు? మగవాళ్ల కబడ్డీ నిబంధనల ప్రకారం 20 నిమిషాల సగాలు రెండు, మధ్యలో 5 నిమిషాల విరామం. గడియారం లెక్కన 45 నిమిషాలు. టైమ్ అవుట్లు, రిఫరీతో వాదన, జట్టును వెతికి పిలవడం కలుపుకుంటే గంట. అలా నడిపితే సాయంత్రానికి ఒకటే ఆట. ఇంటి పోటీలకు సగాలు 10 నిమిషాలు చెయ్యండి, విరామం 3. మొత్తం 23 నిమిషాలు. పైన 12 నిమిషాలు దేవుడికి వదిలేస్తే స్లాటు 35 నిమిషాలు. నాలుగున్నరకు మొదలుపెడితే ఐదూ నలభైకి రెండు ఆటలు అయిపోతాయి, ఇంకో ఇరవై నిమిషాల వెలుతురు చేతిలో ఉంటుంది.

ఆటను ఇలా కత్తిరించడం తప్పని వాదించే పీడీలు (ఫిజికల్ డైరెక్టర్లు) ఉన్నారు. "రేపు వీళ్లు ఇంటర్ యూనివర్సిటీకి వెళ్తే నలభై నిమిషాలు ఆడే దమ్ము ఎక్కడినుంచి వస్తుంది?" అంటారు. ఇంటర్ యూనివర్సిటీకి వెళ్లే జట్టుకు వేరే కోచింగ్ క్యాంపు ఉంది, దాని ఖర్చు వేరు, దాని లెక్క వేరు. ఇంట్రామ్యూరల్ అన్న మాట లాటిన్‌ది. గోడల లోపలిది అని అర్థం. గోడ లోపల ఉన్న ఎంతమందికి ఆట దక్కిందన్నదే ఇక్కడ లెక్క. ఛాంపియన్ ఎవరన్నది ఆ తర్వాతి మాట.

అదే చూపుతో ఫిక్చర్ వేసి చూద్దాం. మూడు దారులున్నాయి.

మొదటిది నాకౌట్. 11 జట్లకు ఆటలెన్ని? ఒక్కో ఆటలో ఒక్క జట్టు ఇంటికెళ్తుంది, చివరికి ఒక్కటే మిగలాలి కాబట్టి పది. బైలు ఎన్ని? 11 తర్వాత వచ్చే రెండు ఘాతం (2, 4, 8, 16 వరసలోది) 16. అందులోంచి 11 తీస్తే 5. పై సగంలో 6 జట్లు (1 నుంచి 6), కింది సగంలో 5 (7 నుంచి 11). బైలు ఇచ్చే వరస పాతదే: మొదటిది కింది సగంలో ఆఖరి జట్టుకి, రెండోది పై సగంలో మొదటి జట్టుకి, మూడోది కింది సగంలో మొదటిదానికి, నాలుగోది పై సగంలో ఆఖరిదానికి, ఐదోది మళ్లీ కింది సగంలో ఆఖరినుంచి రెండోదానికి. అంటే 11, 1, 7, 6, 10. మిగిలినవాళ్లు ఆడాలి:

2 - 3
4 - 5
8 - 9

గీసి చూడండి, క్వార్టర్స్‌కు సరిగ్గా ఎనిమిది జట్లు తేలతాయి. సూత్రం ముచ్చటగా పనిచేసింది. పది ఆటలు, ఐదు సాయంత్రాలు. చాలామంది ఇక్కడే పెన్ను మూసేస్తారు.

మీరు మూయకండి. ఒక్క ఆటతో ఇంటికి పోయే జట్లు ఎన్నో లెక్కపెట్టండి. మొదటి రౌండులో ఓడిన మూడు జట్లు సరే. బై దొరికిన జట్టు క్వార్టర్స్‌లో ఓడితే దానిదీ అదే గతి. 10, 11 జట్లు రెండింటికీ బై ఇచ్చి క్వార్టర్స్‌లో ఒకదానిమీద ఒకటి తోశాం. అందులో ఒకటి ఒకే ఆటతో వెళ్లిపోవడం ఖాయం. మిగతా మూడు క్వార్టర్స్‌లోనూ బై జట్లే ఓడితే మొత్తం ఏడు. పదకొండింట్లో ఏడు జట్లు! జట్టుకు రిజర్వులతో కలిపి 12 మంది అనుకుంటే 84 మంది పిల్లలు. వాళ్లు రెండు వారాలు ప్రాక్టీసు చేసి, చందాలేసుకుని జెర్సీలు కుట్టించుకుని, 23 నిమిషాలు ఆడి వెళ్లిపోతారు. వచ్చే ఏడాది ఎంట్రీ ఫారం పట్టుకుని వెళ్లి అడగండి, మొహం చాటేస్తారు.

రెండోది పూర్తి లీగ్, అంటే ప్రతి జట్టూ మిగతా అన్నిటితో ఆడడం. 11ని 10తో గుణించి సగం చేస్తే 55 ఆటలు. రోజుకు రెండు చొప్పున ఇరవై ఎనిమిది సాయంత్రాలు. ఈ మాట పైకి అనకండి, ప్రిన్సిపాల్ గారు వింటారు.

మూడోది గ్రూపులు. 4, 4, 3గా విడగొట్టండి. నాలుగు జట్ల గ్రూపులో 6 ఆటలు, మూడు జట్ల దాంట్లో 3. మొత్తం 15. గ్రూపుల్లో మొదటి స్థానం వాళ్లు ముగ్గురూ, రెండో స్థానం వాళ్లలో మెరుగైన ఒక జట్టూ సెమీస్‌కు. రెండు సెమీస్, ఒక ఫైనల్. 18. ఏ జట్టైనా రెండు ఆటలకు తక్కువ ఆడదు, ఎక్కువ జట్లు మూడు ఆడతాయి. సోమవారం నుంచి శుక్రవారం దాకా రెండు వారాలు తీసుకుంటే 20 స్లాట్లు. 18 పోను రెండు ఖాళీ. ఆ రెండు ఖాళీలే మీ ప్రాణం. వాన రాకపోయినా అతిథి ఉపన్యాసం వస్తుంది, ల్యాబ్ ఇంటర్నల్ వస్తుంది, బంద్ వస్తుంది.

నాలుగు జట్ల గ్రూపుకు రౌండ్లు వేయడం తేలిక. 1ని కదపకుండా మిగతావాటిని తిప్పండి:

మొదటి రౌండు: 1-4, 2-3
రెండో రౌండు: 1-3, 4-2
మూడో రౌండు: 1-2, 3-4

ఒక్కో రౌండు ఒక సాయంత్రానికి అతికినట్టు సరిపోతుంది. చిక్కంతా మూడు జట్ల గ్రూపుతోనే. అందులో ఏ రెండు ఆటలు ఒకే సాయంత్రం పెట్టినా ఒక జట్టు రెండూ ఆడాల్సిందే, వాళ్ల కాళ్లు పట్టేస్తాయి. కాబట్టి ఆ మూడు ఆటల్నీ మూడు వేర్వేరు రోజులకు చల్లి, పక్కన మిగతా గ్రూపుల ఆట ఒకటి పెట్టండి. అలా వేస్తే లీగ్ ఆటలు ఎనిమిదో రోజు మొదటి స్లాటుతో అయిపోతాయి. ఆ రోజు రెండో స్లాటు ఖాళీ. తొమ్మిదో రోజు సెమీస్ రెండూ. పదో రోజు మొదటి స్లాటు ఖాళీ, రెండోది ఫైనల్. పదో రోజు దాకా ఏ అడ్డంకీ రాకపోతే ఆ ఖాళీలో అధ్యాపకులకూ నాన్ టీచింగ్ స్టాఫుకూ ఒక సరదా ఆట పెట్టండి. గ్రౌండ్ చుట్టూ అంత జనం ఫైనల్‌కు కూడా రారు.

"మెరుగైన రెండో జట్టు" దగ్గర ఒక మెలిక ఉంది, జాగ్రత్త. నాలుగు జట్ల గ్రూపువాళ్లు మూడు ఆటలు ఆడారు, మూడు జట్ల గ్రూపువాళ్లు రెండే ఆడారు. పాయింట్లు నేరుగా పోలిస్తే అన్యాయం. నాలుగు జట్ల గ్రూపులో రెండో స్థానం జట్టు, ఆఖరి స్థానం జట్టుతో ఆడిన ఆటను లెక్కలోంచి తీసేసి పోల్చండి. గెలుపుకు 2, సమానమైతే చెరొకటి. పాయింట్లు సమానమైతే, ఒకే గ్రూపువాళ్లకు వాళ్లలో వాళ్లు ఆడిన ఆట ఫలితం చూడాలి. అదీ తేలకపోయినా, వేర్వేరు గ్రూపులవాళ్లయినా, చేసిన పాయింట్లలోంచి ఇచ్చిన పాయింట్లు తీసి చూడాలి. ఇవన్నీ మొదటి ఆటకు ముందే కాగితం మీద రాసి కెప్టెన్ల సంతకాలు తీసుకోండి. ఆటలయ్యాక రాసిన నిబంధన ఎంత న్యాయమైనదైనా ఎవరికో ఒకరికి చేసిన సాయంలాగే కనిపిస్తుంది.

ఇక జట్లను గ్రూపుల్లో వేయడం. కిందటేడు ఫైనల్ ఆడిన రెండు జట్లను వేర్వేరు గ్రూపుల్లో పెట్టండి. హాస్టల్ జట్లు మూడింటినీ గ్రూపుకొకటి చొప్పున వేయండి, వాళ్లు రోజూ పొద్దున్నే కలిసి ఆడేవాళ్లు. మిగతావాటికి చీట్లు.

ఆ చీట్లు మాత్రం మీ గదిలో తీయకండి. నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన ఏడాది, పని చేస్తున్న కాలేజీలో ఒక రాత్రి కూర్చుని నిజాయితీగా చీట్లు తీసి, టై షీటు రాసి పొద్దున్నే నోటీసు బోర్డుకు అంటించాను. మధ్యాహ్నానికి రెండు డిపార్ట్‌మెంట్ల వాళ్లు వచ్చారు. నేను టీ తాగే హెచ్‌ఓడీ గారి జట్టుకు బై వచ్చిందట. వచ్చిన మాట నిజమే, టీ తాగే మాటా నిజమే. ఏం చెప్పను? మర్నాడు మొత్తం చింపేసి కెప్టెన్లందరి ముందూ మళ్లీ తీశాం. ఈసారీ ఆ జట్టుకే బై వచ్చింది, కానీ ఎవరూ నోరెత్తలేదు. అప్పటినుంచి క్యాంటీన్ స్టీలు గిన్నె తెప్పించి, ఎవరి చీటీ వాళ్ల చేతే తీయిస్తాను.

రోజువారీ పట్టిక రాసేటప్పుడు బస్సుల్ని మర్చిపోవద్దు. కాలేజీ బస్సులు వెళ్లిపోయాక ఉండిపోయిన పిల్లలు హైవే మీద ఆర్టీసీ బస్సుకో, నంబూరు స్టేషన్లో ప్యాసింజర్‌కో పరిగెత్తాలి. ఆ రోజు ఆడే రెండు ఆటల్లో దూరం వెళ్లేవాళ్లు ఎక్కువున్న ఆటను మొదటి స్లాటులో వేయండి. వాకోవర్లలో (జట్టు రాక ఎదుటివాళ్లకు దక్కే గెలుపుల్లో) సగం పిరికితనం కాదు, బస్సు. జట్టు రాకపోతే పది నిమిషాలు ఆగండి, పదకొండో నిమిషంలో ఆగకండి. ఎవరి కోసం ఆగినా వెనక ఆడే జట్టు చీకట్లో ఆడాలి.

ఈ పద్ధతి కబడ్డీకీ ఖోఖోకీ నప్పుతుంది, ఎందుకంటే వాటిని గడియారం నడుపుతుంది. వాలీబాల్, షటిల్, బాల్ బ్యాడ్మింటన్‌లను పాయింట్లు నడుపుతాయి, ఎప్పుడు ముగుస్తాయో మీ చేతిలో లేదు. అక్కడ ముందే నాలుగైదు ప్రాక్టీసు ఆటలకు స్టాప్‌వాచ్ పెట్టి, వచ్చినవాటిలో అన్నిటికన్నా పొడుగుదాన్ని స్లాటుగా తీసుకోండి. సగటు తీసుకుంటే మునుగుతారు. లీగ్ దశలో ఒకే సెట్‌తో తేల్చి, మూడు సెట్ల ఆటలు సెమీస్ నుంచి పెట్టుకోవచ్చు. బాల్ బ్యాడ్మింటన్‌కు ఇంకో బెడద: బంతి ఉన్నిది, గాలి లేస్తే ఎటు పోతుందో తెలీదు. దాన్ని పొద్దుటి పూటకు జరపండి.

ఈ పాఠానికి అభ్యాసం. అమ్మాయిల త్రోబాల్‌కు 9 జట్లు వచ్చాయి. కోర్టు ఒకటి, ఆరు సాయంత్రాలు, రోజుకు రెండు స్లాట్లు. ప్రతి జట్టూ కనీసం రెండు ఆటలు ఆడాలి, కనీసం ఒక స్లాటు ఖాళీగా మిగలాలి. మూడేసి జట్ల గ్రూపులు మూడు చేసి, మెరుగైన రెండో జట్టును కలుపుకుని, సెమీస్ రెండూ ఫైనల్ ఒకటీ వేస్తే సరిగ్గా 12 వస్తుంది. అక్కడితో ఆగకండి, ఇంకో ఆట తగ్గించే దారి ఉంది. టై షీటూ రోజువారీ పట్టికా రెండూ గీయండి. ఏ జట్టూ ఒకే సాయంత్రం రెండు ఆటలు ఆడకూడదు. రబ్బరు దగ్గర పెట్టుకుని పెన్సిల్‌తోనే గీయండి.