7.3 పవర్‌స్ట్రోక్ ట్రక్కుకు చిప్ పెడుతున్నారా? ట్రైలర్ల కాలం మొదలయ్యేలోపు ఈ జాగ్రత్తలు తీసుకోండి

అమెరికాలో ఎండలు ముదిరాయంటే పికప్ ట్రక్కుల వెనక ట్రైలర్లు, పడవలు కనిపిస్తాయి. ఫోర్డ్ 7.3 లీటర్ల పవర్‌స్ట్రోక్ డీజిల్ ఉన్నవాళ్లకు ఇంజిన్ శక్తి పెంచే చిప్ ఆలోచన వచ్చేది ఆ రోజుల్లోనే. 1994 నుంచి 2003 వరకు ఎఫ్-250, ఎఫ్-350 ట్రక్కుల్లో వచ్చిన ఇంజిన్ ఇది. 1999లో దీని శక్తి 235 హార్స్‌పవర్, టార్క్ 500 పౌండ్-ఫీట్. ట్రక్కు కంప్యూటర్‌కు, అంటే పీసీఎంకు, వెనక జే3 అనే చిన్న పోర్టు ఉంటుంది. చిప్‌ను అందులోకి నెడతారు. ఇప్పటి కామన్‌రైల్ బండ్లకు, అంటే ఇంజెక్టర్లన్నిటికీ ఒకే గొట్టం నుంచి ఇంధనం అందే వాటికి, ఈ పోర్టు లేదు, కాబట్టి కింద రాసిన బిగింపు పద్ధతి వాటికి పనికిరాదు.

చిప్ కొత్తగా శక్తిని పుట్టించదు. ఇంజెక్టర్లను ఎక్కువసేపు తెరిచి ఉంచమని, ఆయిల్ ప్రెషర్ పెంచమని, ఇంజెక్షన్ సమయం మార్చమని కంప్యూటర్‌కు చెబుతుంది. ఇంధనం ఎక్కువ పోతే వేడీ, టార్కూ రెండూ పెరుగుతాయి. టార్క్‌కు ముందుగా లొంగేది ఆటోమేటిక్ గేర్‌బాక్స్. 1998 వరకు అది ఈ4ఓడీ, 1999 నుంచి 4ఆర్100. వేడి ముందుగా పిస్టన్లకు తగులుతుంది, అవి అల్యూమినియంవి. అందుకే మా మాట ఒక్కటే: చిప్ కంటే ముందు గేజ్‌లు కొనండి. డబ్బు ఒకదానికే సరిపోతే ఈ ఏడాదికి గేజ్‌లతో ఆగండి.

మూడు గేజ్‌లు కావాలి: ఎగ్జాస్ట్ వేడి చూపే పైరోమీటర్, టర్బో బూస్ట్ (ఇంజిన్‌లోకి టర్బో నెట్టే గాలి ఒత్తిడి), గేర్‌బాక్స్ ఆయిల్ వేడి. పైరోమీటర్ ప్రోబ్‌ను టర్బోకు ముందే, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లో పెట్టాలి. టర్బో దాటాక పెడితే అంకె తక్కువ చూపిస్తుంది, ఆ అంకె చూసి మోసపోతారు. మానిఫోల్డ్‌కు రంధ్రం చేసేటప్పుడు డ్రిల్ బిట్‌కూ మరలు చెక్కే ట్యాప్‌కూ గ్రీజు దట్టంగా పూయండి. ఇనుప రజను అందులో అంటుకుంటుంది. లోపల మిగిలిన రజను టర్బో బ్లేడ్లను కొరికేస్తుంది.

ఆ తర్వాత ట్రక్కు ఆరోగ్యం చూడండి. ట్రక్కు కంప్యూటర్‌ను చదివే ఓబీడీ స్కానర్‌తో పాత లోపాల కోడ్‌లు చూసి, ఉన్న లోపాలు ముందే సరిచేయండి. ఈ ఇంజిన్‌లో ఇంజెక్టర్లు పనిచేసేది ఇంజిన్ ఆయిల్ ఒత్తిడితోనే. అందుకే సుమారు 15 క్వార్టులు, అంటే 14 లీటర్ల ఆయిల్ పడుతుంది. ఆయిల్ పాతబడితే నురగ కట్టి ఇంజెక్షన్ తడబడుతుంది. చిప్ పెట్టబోయే ముందు ఆయిల్, ఫిల్టర్ కొత్తవి వేయండి. సూపర్ డ్యూటీలో, అంటే 1999 నుంచి వచ్చిన ట్రక్కుల్లో, ఇంధన ప్రెషర్ 60 పీఎస్ఐ దగ్గర ఉండాలి. ఎత్తు ఎక్కేటప్పుడు 45 కంటే దిగితే ఫిల్టరో పంపో చూసుకోవాలి. ఇంధనం చాలని ఇంజిన్‌కు చిప్ పెట్టడం ఇంజెక్టర్లను చేతులారా పాడుచేసుకోవడమే.

ఇక చిప్ ఎంపిక. పీసీఎం మీది స్టిక్కర్‌లో నాలుగక్షరాల కోడ్ ఉంటుంది. చిప్‌లోని ప్రోగ్రాం ఆ కోడ్‌కే రాసినదై ఉండాలి. మోడల్ సంవత్సరం ఒకటే అయినా కోడ్ వేరు కావచ్చు. ఆటోమేటిక్‌కు రాసిన చిప్ మాన్యువల్ బండికి పనికిరాదు. పాత యజమాని పీసీఎం మార్చి ఉండొచ్చు కాబట్టి కాగితాలను నమ్మకుండా స్టిక్కర్‌నే ఫొటో తీసి, చిప్ ప్రోగ్రాం రాసే ట్యూనర్‌కు పంపండి. ఓబీడీ పోర్టుకు తగిలించే చవక పెట్టెల్లో చాలావాటిలో దీపాలు తప్ప ఏమీ ఉండదు, వాటి జోలికి పోవద్దు. ఇంతకుముందు ప్రోగ్రామర్ అనే పరికరంతో పీసీఎంలోకి ట్యూన్ (మార్చిన ప్రోగ్రాం) ఎక్కించి ఉంటే దాన్ని స్టాక్‌కు, అంటే ఫ్యాక్టరీ ప్రోగ్రాంకు, తిప్పాకే చిప్ పెట్టండి. రెండూ కలిస్తే ఇంధనం అదుపు తప్పుతుంది.

బిగింపులో చాలామంది తొందరపడేది పోర్టు శుభ్రం చేసే దగ్గరే. తాళంచెవి తీసేసి, రెండు బ్యాటరీల నెగటివ్ తీగలూ విప్పండి, ఒక్కటి విప్పితే చాలదు. బ్రేక్ పెడల్ కాసేపు నొక్కి పట్టుకుంటే మిగిలిన కరెంటు ఖాళీ అవుతుంది. కరెంటు ఉండగా చిప్ పెట్టినా తీసినా చిప్పో పీసీఎమ్మో కాలిపోతుంది. సూపర్ డ్యూటీలో పీసీఎం డ్రైవర్ వైపు, పార్కింగ్ బ్రేక్ పెడల్ పైన ఉంటుంది. దాని పెద్ద కనెక్టర్ ఇంజిన్ వైపు నుంచి వచ్చి, మధ్యలో 10 ఎంఎం బోల్ట్‌తో బిగిసి ఉంటుంది. పీసీఎంను పట్టుకునే ముందు బండి ఇనుమును ఒట్టి చేత్తో తాకండి, ఒంట్లోని స్టాటిక్ పోతుంది.

జే3 పోర్టు మూత తీస్తే బోర్డు అంచున రెండు వైపులా లోహపు పట్టీలు కనిపిస్తాయి. ఫ్యాక్టరీలో వాటి మీద రక్షణ పూత వేస్తారు, అది సులభంగా కంటికి కనబడదు. గిన్నెలు తోమే ఆకుపచ్చ స్కాచ్‌బ్రైట్ ముక్కతో పట్టీల పొడవునా మెల్లగా రుద్దండి, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడవండి. గుడ్డకు మురికి అంటడం ఆగేదాకా రెండు పనులూ మళ్లీ మళ్లీ చేయండి. అడుగు వైపు మరవద్దు, జనం వదిలేసేది ఆ వైపునే. గరుకు కాగితం, స్క్రూడ్రైవర్ వాడితే పట్టీల లోహమే లేచిపోతుంది. పూర్తిగా ఆరాక, గ్రీజేమీ రాయకుండా, చిప్‌ను తయారీదారు చెప్పిన దిశలో సమంగా లోపలికి నెట్టండి. కుదుపులకు వెనక్కి జారకుండా టేపు చుట్టండి. చిప్‌లోని ప్రోగ్రాంలను మార్చే స్విచ్ తీగ పెడల్ కింద నలగకూడదు.

బ్యాటరీలు కలిపి తాళంచెవి తిప్పండి, స్టార్ట్ చేయకండి. "వెయిట్ టు స్టార్ట్" దీపం వెలగాలి. వెలగకపోతే పీసీఎం మేలుకోలేదన్నమాట. చిప్ తీసి పట్టీలు మళ్లీ శుభ్రం చేయండి, అంతవరకు స్టార్టర్ తిప్పొద్దు. దీపం వెలిగినా ఇంజిన్ అందుకోకపోతే స్విచ్ ఏ స్థానంలో ఉందో చూడండి. కొన్ని చిప్‌లలో దొంగల భయానికి "నో స్టార్ట్" స్థానం ఒకటి ఉంటుంది. నాలుగు రోజులు బాగా నడిచి గుంతల్లో హఠాత్తుగా ఆగిపోతే, అదీ చాలాసార్లు మురికి పట్టీల వల్లే.

బరువు లాగేటప్పుడు 40 నుంచి 60 హార్స్‌పవర్ పెంచే టో ట్యూన్ (బరువు లాగడానికి రాసిన ప్రోగ్రాం) చాలు. స్విచ్‌లో అంతకంటే శక్తి పెంచే స్థానాలు ఖాళీ బండికే. పైరోమీటర్ 1250 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటకూడదు. దగ్గరపడుతుంటే పెడల్ తగ్గించి, ఓవర్‌డ్రైవ్ ఆపి, కింది గేరుకు దిగండి. ఆర్‌పీఎం పెరిగి గాలి ఎక్కువ అందితే వేడి తగ్గుతుంది. గేర్‌బాక్స్ ఆయిల్ వేడి 200 డిగ్రీల ఫారెన్‌హీట్ లోపు ఉంటే మంచిది. 220 దాటితే పక్కన ఆపి, న్యూట్రల్‌లో ఇంజిన్ తిరగనిచ్చి చల్లారనివ్వండి. గట్టు ఎక్కి దిగగానే ఇంజిన్ ఆపకండి, పైరోమీటర్ 400కు దిగాక ఆపితే టర్బోలో ఆయిల్ మాడదు.

కాలిఫోర్నియాలో 1998, ఆ తర్వాతి డీజిల్ బండ్లకు, 14,000 పౌండ్ల జీవీడబ్ల్యూఆర్ (సరుకుతో కలిపి బండికి అనుమతించిన గరిష్ఠ బరువు) వరకు, స్మాగ్ చెక్ అనే పొగ పరీక్ష ఉంది. కార్బ్ (ఆ రాష్ట్ర గాలి కాలుష్య నియంత్రణ సంస్థ) అనుమతి తెలిపే ఈఓ నంబర్ లేని చిప్‌తో వెళ్తే అక్కడ ఫెయిలయ్యే అవకాశం ఎక్కువ. కొనేముందే ఆ నంబర్ అడగండి, స్టిక్కర్ బానెట్ కింద అతికించండి. మెకానిక్ పీసీఎంను రీఫ్లాష్ చేయాలంటే, అంటే దాని ప్రోగ్రాం మళ్లీ ఎక్కించాలంటే, ముందు బ్యాటరీలు విప్పి చిప్ తీసేయండి.