మందు పేటెంట్ హద్దులు ఎక్కడివరకు, పోటీలో ఎవరున్నారు: తెలుసుకోవడం ఎలా?

విజయవాడ సూర్యారావుపేటలో ఏ మందుల షాపుకు వెళ్లి డపాగ్లిఫ్లోజిన్ అడిగినా, ఏ కంపెనీది కావాలని ఎదురు అడుగుతారు. షుగర్‌కు వాడే ఈ బిళ్ల 2020 చివరిదాకా ఆస్ట్రాజెనెకా, దానితో ఒప్పందం ఉన్న కంపెనీల చేతుల్లోనే ఉండేది. ఆ తర్వాత ఒక్కసారిగా బ్రాండ్లు పుట్టుకొచ్చాయి. ఎందుకో పేటెంట్ కాగితాలు చదివితే తెలుస్తుంది. ఆ కాగితాలు ఎవరైనా డబ్బు కట్టకుండా చూడొచ్చు. గుంటూరు, విజయవాడ ఫార్మసీ కాలేజీల్లో ప్రాజెక్టు చేసే పిల్లలకు, మందుల హోల్‌సేల్ వ్యాపారులకు, ఖరీదైన మందు వాడుతూ చౌక రకం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసే ఇళ్లకు ఇది పనికొచ్చే చదువు. లాయరే కానక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు.

ముందు మందు అసలు పేరు పట్టుకోండి

అట్ట మీది బ్రాండ్ పేరుతో వెతికితే పేటెంట్ దొరకదు. చిన్న అక్షరాల్లో ఉండే జెనరిక్ పేరు రాసుకోండి. ఒక్కోసారి అదీ చాలదు. పేటెంట్ దరఖాస్తు పెట్టే నాటికి చాలా మందులకు ఆ పేరు ఇంకా ఉండదు, రసాయన నామమో కంపెనీ కోడో మాత్రమే ఉంటుంది. డపాగ్లిఫ్లోజిన్ కోడ్ బీఎంఎస్-512148. టీబీ మందు బెడాక్విలిన్ కోడ్ టీఎంసీ207. ఇలాంటి పేర్లన్నీ ఒక కాగితం మీద పెట్టుకుని మొదలుపెట్టండి.

దగ్గరి దారి ఒకటుంది. మందులకు అనుమతులిచ్చే అమెరికా ఎఫ్‌డీఏ వారి ఆరెంజ్ బుక్‌లో మందు పేరు కొడితే, కంపెనీ దాని మీద చూపిన అమెరికా పేటెంట్ నంబర్లు వస్తాయి. ఆ నంబరును యూరప్ పేటెంట్ ఆఫీసు వారి వెతుకుడు సైట్ ఎస్పాసెనెట్‌లో వేస్తే, అదే ఆవిష్కరణకు వేర్వేరు దేశాల్లో ఉన్న పేటెంట్లు, అంటే ఆ 'ఫ్యామిలీ' కనిపిస్తుంది. భారత్ నంబరు అక్కడ లేకపోతే మన పేటెంట్ ఆఫీసు వారి వెతుకుడు సైట్ ఇన్‌పాస్‌లో కంపెనీ పేరుతో, ఆవిష్కర్తల పేర్లతో వెతకండి. మెడిసిన్స్ పేటెంట్ పూల్ నడిపే మెడ్స్‌పాల్‌లో ముఖ్యమైన మందుల వివరాలు దేశాలవారీగా ఉంటాయి.

తేదీలు మన దేశానివే చూడండి

పేటెంట్ గడువు దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు. ఒకే దరఖాస్తుతో చాలా దేశాల్లో పేటెంట్ కోరే అంతర్జాతీయ పీసీటీ దారిలో వచ్చినదైతే ఆ అంతర్జాతీయ దరఖాస్తు తేదీ నుంచి లెక్క. దాని పక్కనే ఉండే ప్రయారిటీ తేదీ, అంటే అదే ఆవిష్కరణకు మొట్టమొదట దరఖాస్తు పెట్టిన తేదీ, వేరు. ఆవిష్కరణ కొత్తదా, పాతదా అన్నది ఆ తేదీని బట్టి తేలుస్తారు, గడువు మాత్రం దాని నుంచి లెక్కించరు. అమెరికాలో కొన్ని మందుల పేటెంట్లకు ఐదేళ్ల వరకు గడువు పెంచుతారు. మన దగ్గర అలాంటి పొడిగింపు లేదు. అందుకే ఇంటర్నెట్‌లో కనబడిన అమెరికా తేదీని ఇక్కడికి ఎత్తి రాసుకోకూడదు. ఏటా కట్టాల్సిన రెన్యువల్ ఫీజు కట్టారో లేదో పేటెంట్ ఆఫీసు వారి ఇ-రిజిస్టర్‌లో చూడండి. కట్టకపోతే గడువు ఉన్నా పేటెంట్ పోయినట్టే.

అసలు చదవాల్సింది క్లెయిమ్‌లు

ఎక్కువమంది పేటెంట్ పేరు, సారాంశం చదివి ఆగిపోతారు. హక్కు అక్కడ ఉండదు. పొలం దస్తావేజులో ఊరి పేరు ఎంత పెద్దగా ఉన్నా మీ భూమి ఎంతో చెప్పేది నాలుగు హద్దులే కదా, పేటెంట్‌లో ఆ హద్దులు చివర్న నంబర్లు వేసి ఉండే క్లెయిమ్‌లు. వివరణ వంద పేజీలున్నా, క్లెయిమ్‌లో రానిదాని మీద కంపెనీకి హక్కు లేదు.

మొదటి క్లెయిమ్‌ను ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కను ఒక్కో వరుసలో రాయండి. ఎదురుగా మీరు చూస్తున్న మందులో ఆ ముక్క ఉందో లేదో రాయండి. అన్నీ కలిస్తేనే ఆ మందు హద్దు లోపల ఉన్నట్టు. ఒక్కటి కలవకపోయినా సాధారణంగా బయటే. తర్వాత 'క్లెయిమ్ 1లో చెప్పిన సమ్మేళనం' అని మొదలయ్యేవి ఆధార క్లెయిమ్‌లు, మొదటిదాన్ని ఇంకా ఇరుకు చేస్తాయి. 'కంప్రైజింగ్' అన్న మాట ఉంటే ఇవి కాక ఇంకేమైనా కూడా ఉండొచ్చని. 'కన్సిస్టింగ్ ఆఫ్' ఉంటే ఇవి మాత్రమేనని. ఈ రెండు మాటల తేడా మీద కోట్ల వ్యాపారం నిలబడుతుంది.

రసాయన పేటెంట్‌లలో మార్కుష్ క్లెయిమ్ అని ఒకటుంది. ఒక అస్థిపంజరం లాంటి ఫార్ములా ఇచ్చి, ఆర్1 దగ్గర వీటిలో ఏదైనా, ఆర్2 దగ్గర వీటిలో ఏదైనా అంటారు. అన్ని కలయికలూ లెక్కేస్తే లక్షల సమ్మేళనాలు లోపలికి వచ్చేస్తాయి. మీ మందు నిర్మాణాన్ని పక్కన గీసుకుని ఒక్కో స్థానం సరిపోతుందో లేదో పోల్చాల్సిందే, వేరే దారి లేదు.

డపాగ్లిఫ్లోజిన్ కథ ఇక్కడే మలుపు తిరిగింది. భారత్‌లో దాని మీద ఆస్ట్రాజెనెకా రెండు పేటెంట్లు చూపించింది. 2000 అక్టోబరు 2న దరఖాస్తు పెట్టినది ఒక పెద్ద గుంపు సమ్మేళనాలకు. 2003 మే 15 నాటిది ప్రత్యేకంగా ఆ మందుకు. జెనరిక్ కంపెనీలను ఆపమంటూ రెండు పేటెంట్ల మీదా దావా వేసింది. మొదటిదాని గడువు 2020 అక్టోబరులో తీరింది. ఆ నవంబరులో ఢిల్లీ హైకోర్టు స్టే ఇవ్వలేదు, 2021 జులైలో డివిజన్ బెంచ్ కూడా అదే సమర్థించింది. ఒకే ఆవిష్కరణకు రెండు పేటెంట్లు కుదరవన్నది కోర్టు ప్రాథమిక అభిప్రాయం. అలా 2023 మే దాకా ఆగాల్సిన పోటీ రెండేళ్లకు పైగా ముందే షాపుల్లోకి వచ్చింది.

దరఖాస్తులో ఉన్న క్లెయిమ్‌లు కాకుండా మంజూరైన క్లెయిమ్‌లు చదవాలని మరిచిపోకండి. పేటెంట్ ఆఫీసు పరిశీలనలో అవి చాలాసార్లు కుదించుకుపోతాయి. ఎగ్జామినర్ నివేదిక, దానికి కంపెనీ ఇచ్చిన జవాబు కూడా ఇన్‌పాస్‌లో ఉంటాయి. 'మాది పాతదానికి భిన్నం, ఎందుకంటే...' అని కంపెనీ స్వయంగా రాసిన ఆ జవాబు హద్దు గురించి బంగారం లాంటి సమాచారం.

ఒక మందు, అనేక పొరలు

మూల సమ్మేళనం పేటెంట్ తీరితే అంతా తీరినట్టు కాదు. లవణం, స్ఫటిక రూపం, తయారీ పద్ధతి, ఫార్ములేషన్, మరో మందుతో కలయిక, ఒక్కోదానికీ వేరే పేటెంట్ ఉండొచ్చు. ఏది ఎవరిని ఆపుతుందో విడివిడిగా రాసుకోండి. సమ్మేళనం మీదిదైతే అందరినీ ఆపుతుంది. స్ఫటిక రూపం మీదిదైతే ఆ రూపం వాడేవారినే.

మన చట్టంలో సెక్షన్ 3(డి) ఉండటం రోగులకు నిజమైన రక్ష అని నేను గట్టిగా నమ్ముతాను. తెలిసిన పదార్థానికి కొత్త రూపం తెస్తే, మందుగా అది మరింత బాగా పనిచేస్తుందని చూపించాలి. 2013 ఏప్రిల్ 1న క్యాన్సర్ మందు గ్లీవెక్ కేసులో సుప్రీంకోర్టు నోవార్టిస్‌కు పేటెంట్ నిరాకరించింది దీని మీదే. చికిత్స చేసే పద్ధతికి 3(ఐ) కింద ఇక్కడ పేటెంట్ రాదు. కాబట్టి అమెరికా జాబితాలో కనిపించే పేటెంట్లలో కొన్ని మన దేశంలో ఉండనే ఉండవు.

పోటీదారులను వెతకడం

అదే సమ్మేళనం పేరుతో ఎవరెవరు దరఖాస్తులు పెట్టారో కంపెనీలవారీగా పట్టిక వేయండి. మూల పేటెంట్ తీరడానికి ముందే కొత్త తయారీ పద్ధతి మీద దరఖాస్తు పెట్టిన కంపెనీ జెనరిక్‌కు సిద్ధమవుతోందని అనుకోవచ్చు. ఎఫ్‌డీఏ ప్రచురించే డ్రగ్ మాస్టర్ ఫైల్ జాబితాలో ముడి మందు ఎవరు తయారుచేస్తున్నారో కనిపిస్తుంది. సెక్షన్ 107ఏ ప్రకారం పేటెంట్ ఉండగానే అనుమతుల కోసం ప్రయోగాలు చేయడం తప్పు కాదు, కాబట్టి ఈ సన్నాహాలు బయటపడేది ముందుగానే. వీటికి తోడు ఢిల్లీ హైకోర్టు కేసుల్లో ప్రతివాదుల పేర్లు, పేటెంట్ మీద అభ్యంతరాలు పెట్టినవారి పేర్లు చూడండి.

ఒక సంగతి గుర్తుంచుకోండి. సాధారణంగా దరఖాస్తు పెట్టిన 18 నెలలకు గానీ ప్రచురణ కాదు. ఎంత వెతికినా చివరి ఏడాదిన్నర మీ కంటికి ఆనదు.

ఫారం 27 కూడా తీసి చూడాలి. పేటెంట్‌ను దేశంలో వాడుకలో పెట్టారో లేదో యజమాని చెప్పేది అందులోనే. బేయర్ క్యాన్సర్ మందు నెక్సావార్ నెలకు సుమారు 2.8 లక్షల రూపాయలకు అమ్ముతున్నప్పుడు, అది అవసరమైన రోగుల్లో ఎంత తక్కువమందికి అందిందో లెక్కలతో తేలింది. 2012 మార్చి 9న జెనరిక్ కంపెనీ నాట్కోకు కంపల్సరీ లైసెన్స్, అంటే పేటెంట్ యజమాని ఒప్పుకోకపోయినా ఆ మందు తయారుచేసే అనుమతి వచ్చింది, ధర నెలకు 8,880 రూపాయలు. నాట్కో వ్యవస్థాపకులు నన్నపనేని వెంకయ్య చౌదరి మన గుంటూరు జిల్లావారే.

పేటెంట్ ఇంకా మంజూరు కాకపోతే, ప్రచురణ అయ్యాక ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. బెడాక్విలిన్ లవణం మీద జాన్సన్ అండ్ జాన్సన్ పెట్టిన దరఖాస్తును టీబీ నుంచి బయటపడిన ఇద్దరు మహిళలు, నందితా వెంకటేశన్, ఫుమెజా టిసిలే వ్యతిరేకించారు. 2023 మార్చిలో అది తిరస్కరణకు గురైంది. మూల పేటెంట్ గడువు అదే జులైలో తీరింది. ఆంధ్రప్రదేశ్ పేటెంట్ వ్యవహారాలు చూసేది చెన్నై కార్యాలయం, పని మాత్రం ఇంటి నుంచి ఆన్‌లైన్‌లో జరిగిపోతుంది. వ్యాపారంలో డబ్బు పెట్టే ముందు మీ పట్టికను పేటెంట్ ఏజెంటుకు చూపించండి. వెతికిన తేదీ మాత్రం పట్టికలో పైనే రాయండి, ఇ-రిజిస్టర్‌లో స్థితి ఎప్పుడైనా మారుతుంది.