చైనుకు వేసిన నూనె బ్రేకు మీద పడింది

పోయిన వానాకాలం మా అమ్మాయి సైకిల్ చైను కిర్రుకిర్రుమంటోందని నేనే నూనె వేశాను. వెనక రిమ్ము మీద కూడా నాలుగు చుక్కలు పడ్డాయి, పట్టించుకోలేదు. మర్నాడు పల్లంలో వెనక బ్రేకు పట్టకపోయేసరికి పిల్ల కాళ్లు నేలకానించి ఆపుకుంది. ఆ మాట వినగానే నాకు చేతులు వణికాయి.

కేబుల్ వదులైందనుకుని బిగించాను. లాభం లేదు. రిమ్ము మీద వేలు రాస్తే నల్లటి జిడ్డు అంటింది. అప్పుడు అర్థమైంది. చైను లింకుల మధ్య రాపిడి తగ్గాలి, అందుకే నూనె. బ్రేకు రబ్బరుకూ రిమ్ముకూ మధ్య మాత్రం రాపిడే ప్రాణం. సైకిల్ వేగాన్ని వేడిగా మార్చి ఆపేది అదే. ఎంత గట్టిగా నొక్కితే ఘర్షణ అంత పెరుగుతుందని 1699లోనే ఫ్రాన్సులో అమాంటన్స్ అనే శాస్త్రవేత్త చెప్పాడు. కానీ మధ్యలో జిడ్డు చేరితే పిల్లల చేతి బలం చాలదు.

గిన్నెల సబ్బు నీళ్లతో రిమ్మును రెండుసార్లు కడిగి, పొడిగుడ్డతో తుడిచాను. బ్రేకు రబ్బర్లు విప్పి చూస్తే అద్దంలా నున్నగా ఉన్నాయి. గరుకు కాగితం మీద రుద్దితే మెరుపు పోయి నల్లటి గరుకు తేలింది. ఒకదానిలో ఇరుక్కున్న ఇసుక రేణువును సూదితో తీశాను, వదిలేస్తే రిమ్మును గీరేస్తుంది. నూనె బాగా పీల్చిన రబ్బరైతే రుద్దడం దండగ, కొత్తవి వేయాల్సిందే.

ఈసారి చైనుకు లింకుకో చుక్క వేసి, మిగిలింది గుడ్డతో తుడిచేశాను. వీధిలో ముందు నేనే తొక్కి చూశాను. బ్రేకు నొక్కగానే చక్రం టక్కున ఆగింది. అప్పుడే సైకిల్ అమ్మాయి చేతికిచ్చాను.