పండ్ల చెట్లకు ఇనుము లోపం: అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) మందు ఎలా కలపాలి?

ఆకు పసుపెక్కిందనగానే యూరియా చల్లేస్తారు. ముందు ఏ ఆకు పసుపెక్కిందో చూడండి. కింది ముదురాకులైతే అది చాలాసార్లు నత్రజని కొరత. కొమ్మ చివరి లేతాకులు పాలిపోయి, ఈనెలు మాత్రం సన్నటి ఆకుపచ్చ వలలా మిగిలితే ఇనుము లోపం. ముదురాకులోని ఇనుము చిగురుకు కదలదు, అందుకే దెబ్బ ముందు చిగురుకే. ఆకులు చిన్నగా, సన్నగా కూడా వస్తుంటే జింకూ తక్కువైనట్టే.

హైదరాబాద్ చుట్టుపక్కల ఎర్ర చల్కా నేలల్లో ఇనుముకు కొదవ లేదు. ఆ ఎరుపే ఇనుముది. కానీ సున్నం పాలు ఎక్కువున్న చోట, బైకార్బొనేట్లున్న బోరు నీళ్లు పారే చోట అది కరగకుండా బిగుసుకుపోతుంది. పాదులో నీళ్లు నిలిచినా వేళ్లు ఇనుమును సరిగా తీసుకోలేవు. అందుకే తుప్పు మేకులు పాదులో పూడ్చే పద్ధతి నేను ససేమిరా ఒప్పుకోను. తుప్పు ఆ మట్టిలో ఇప్పటికే బోలెడుంది, చెట్టు దాన్ని తాగలేకపోతోంది.

అన్నభేది, నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్), ప్లాస్టిక్ బకెట్, కర్ర, స్ప్రేయర్ చాలు. అన్నభేది లేత ఆకుపచ్చ పలుకులుగా ఉండాలి. గోధుమరంగుకు తిరిగిన పొడి కొనొద్దు.

కొలత: లీటరు నీటికి నిమ్మ ఉప్పు 1 గ్రాము, అన్నభేది 5 గ్రాములు. 16 లీటర్ల ట్యాంకుకు నిమ్మ ఉప్పు 16 గ్రాములు, అన్నభేది 80 గ్రాములు.

అందరూ చెడగొట్టేది కలిపేటప్పుడే. ముందు నిమ్మ ఉప్పు. అది పూర్తిగా కరిగాకే అన్నభేది. నిమ్మ ఉప్పు ముందు వేయకపోతే ఏమవుతుందో రెండు గాజు గ్లాసుల్లో చూడండి. ఉత్త బోరు నీళ్లలో అన్నభేది వేసిన గ్లాసు కాసేపటికి టీ రంగుకు తిరుగుతుంది, అడుగున ఎర్రటి మడ్డి చేరుతుంది. నిమ్మ ఉప్పు ముందు వేసిన గ్లాసు తేటగా ఉంటుంది. ఆ మడ్డి ఆకులోకి దిగదు, పైగా నాజిల్‌కు అడ్డం పడుతుంది. మీ నీళ్లతో రెండో గ్లాసు కూడా ఎర్రబడితే ఆ నీళ్లు వదిలేయండి, వాన నీళ్లు పట్టి వాడండి. నేనైతే ఎప్పుడూ వాన నీళ్లే వాడతాను. కలిపిన మందు రేపటికి దాచొద్దు. పురుగుమందులు, తెగులు మందులు, ముఖ్యంగా సున్నం కలిసిన బోర్డో మిశ్రమం, ఇందులో పోయొద్దు.

సాయంత్రం ఎండ తగ్గాక, లేత చిగురు మీద, ఆకు రెండు వైపులా తడిసేలా పిచికారీ చేయండి. చుక్క పడిన మేరే ఆకు పచ్చబడుతుంది. బాగా తడవని ఆకు మీద కొన్ని రోజులకు పచ్చ మచ్చలే కనిపిస్తాయి. పది రోజుల ఎడంతో రెండు మూడుసార్లు కొట్టండి. డాబా మీద కుండీల్లో చెట్లుంటే కింద గోనెసంచి పరవండి, గచ్చు మీద తుప్పు మరక పోదు.

మందు మట్టిలోనే వేయాలనుకుంటే ఇ.డి.డి.హెచ్.ఎ. రకం చీలేటెడ్ ఇనుము (మట్టిలో బిగుసుకోకుండా వేరే పదార్థంతో కట్టి ఉంచిన ఇనుము) అడగండి. షాపుల్లో చవకగా ఇచ్చే ఇ.డి.టి.ఎ. రకం సున్నపు నేలలో నిలవదు. పాదులో చివికిన పశువుల ఎరువు వేసి, నీళ్లు నిలవకుండా కాలువ తీయండి. ఆ తర్వాత వచ్చే కొత్త చిగురు రంగు చూసే మళ్లీ పిచికారీ కావాలో వద్దో తేల్చుకోండి.